చిన్నప్పుడు స్కౌట్‌ని, ఇప్పుడు మినసోటాలో అబ్బాయి ట్రూప్‌లో వాలంటీరుగా చేరి జనవరి క్యాంపుకి వెళ్ళొచ్చా?

మీరడిగింది ఇదీ: గుంటూరులో స్కూల్లో ఉండగా స్కౌట్‌గా రాజ్యపురస్కార్ అనే రాష్ట్ర స్థాయి అవార్డు దాకా వెళ్ళారు. తర్వాత చదువులు, ఉద్యోగం, పెళ్ళి, అమెరికా. స్కౌటింగ్ ఊసే లేదు. ఇప్పుడు మినసోటాలో మీ పదకొండేళ్ళబ్బాయి స్కౌట్ ట్రూప్‌లో, అంటే స్కౌట్ దళంలో చేరాడు. పెద్దవాళ్ళు చాలడం లేదు, మీరూ రండని స్కౌట్‌మాస్టర్ అడిగారు. జనవరి చివర్లో రెండు రాత్రుల టెంట్ క్యాంపు ఉంది. ఇంట్లోవాళ్ళేమో "మైనస్ ఇరవైలో టెంటేంటి, మతి పోయిందా" అంటున్నారు. చేరాలా? చేరితే ఆ క్యాంపుకి వెళ్ళాలా?

చేరండి. జనవరి క్యాంపుకీ వెళ్ళండి. కాకపోతే రిజిస్ట్రేషన్ ముందే పూర్తవ్వాలి, సామాను కొనకుండా అరువు తెచ్చుకోవాలి, క్యాంపుకి ముందు ఒక చలి రాత్రి మీ పెరట్లోనే టెంటేసుకుని పడుకోవాలి. ఈ మూడోది కుదరకపోతే ఈ ఏటికి టెంట్ వద్దు. కొన్ని ట్రూపులు శీతాకాలంలో హీటరున్న క్యాబిన్ క్యాంపు కూడా పెడతాయి, దానికి వెళ్ళండి. లేదంటే జనవరి, ఫిబ్రవరిల్లో జిల్లా స్థాయిలో జరిగే క్లాండైక్ డెర్బీకి వెళ్ళండి. పిల్లలు ప్యాట్రోల్‌గా, అంటే ట్రూప్‌లోని చిన్న జట్టుగా, స్లెడ్జి లాక్కుంటూ, మధ్యమధ్యలో నిప్పు రాజెయ్యడం, ప్రథమ చికిత్స లాంటి పరీక్షలు దాటుకుంటూ వెళ్ళే పోటీ అది. పగలంతా మంచులో నిలబడతారు కాబట్టి మీ బూట్లు, గ్లవ్స్ ఏపాటివో సాయంత్రానికి తెలిసిపోతుంది.

నేనూ ఖమ్మం వైపు స్కౌట్‌గా పెరిగినవాణ్ణే. ఇక్కడ మినియాపొలిస్ శివార్లలో అసిస్టెంట్ స్కౌట్‌మాస్టర్‌గా చేస్తున్నాను. నా ఇద్దరు పిల్లలూ ట్రూప్ దాటిపోయారు, నేను మాత్రం మిగిలిపోయాను.

ముందు కాగితాల సంగతి. 2023 సెప్టెంబరు 1 నుంచి ట్రూప్‌తో రాత్రి బస చేసే పెద్దవాళ్ళందరూ రిజిస్టరై ఉండాలి. "వాడి నాన్నని, తోడొచ్చాను" అంటే కుదరదు. చిన్నపిల్లల దళమైన కబ్ ప్యాక్‌లో అయితే సొంత పిల్లలతో వచ్చే తల్లిదండ్రులకు మినహాయింపుంది, మీవాడు ట్రూప్‌లో ఉన్నాడు కనక అది మీకు వర్తించదు. దరఖాస్తు నింపాలి, నేరచరిత్ర తనిఖీకి సంతకం పెట్టాలి, పిల్లల రక్షణ మీద ఆన్‌లైన్ ట్రైనింగ్ పూర్తి చెయ్యాలి. పాతవాళ్ళు దాన్ని ఇప్పటికీ వైపీటీ (యూత్ ప్రొటెక్షన్ ట్రైనింగ్) అంటారు, పేరు ఈమధ్యే మార్చారు. అసలు సంస్థ పేరే 2025 ఫిబ్రవరిలో బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా నుంచి స్కౌటింగ్ అమెరికా అయింది కాబట్టి కాగితాల మీద రెండు పేర్లూ కనపడితే కంగారు పడకండి. అమెరికా పౌరులై ఉండక్కర్లేదు. మా ట్రూప్‌లోనే హెచ్‌1బీ మీద ఉన్న తండ్రులున్నారు. హెల్త్ ఫారంలో ఎ, బి భాగాలు మీకూ మీవాడికీ ఇద్దరికీ కావాలి. డాక్టరు సంతకం పెట్టే సి భాగం 72 గంటలు దాటిన క్యాంపులకే. ఇవన్నీ థ్యాంక్స్‌గివింగ్ లోపే ఇచ్చెయ్యండి. డిసెంబరు చివర్లో మీ ఫైలు కదిలించే నాథుడు దొరకడు.

ఏ పోస్టు తీసుకోవాలంటారా? మనవాళ్ళు ఎక్కువమంది మెరిట్ బ్యాడ్జ్ కౌన్సెలర్‌గా, అంటే పిల్లలకి ఒక్కో విషయంలో బ్యాడ్జ్ వచ్చేలా నేర్పేవాళ్ళుగా పేరిచ్చి ప్రోగ్రామింగ్, చెస్ దగ్గర ఆగిపోతారు. అదీ పనికొచ్చే పనే, కానీ దానికి ఇల్లు కదలక్కర్లేదు. రాజ్యపురస్కార్ దాకా వెళ్ళిన మనిషి కమిటీ మీటింగుల్లో నిధుల కోసం అమ్మే పాప్‌కార్న్ లెక్కలు చూస్తూ కూర్చోవడం నాకు నచ్చదు. నేరుగా అసిస్టెంట్ స్కౌట్‌మాస్టర్‌గానే చేరండి. దానికి కావలసిన అవుట్‌డోర్ ట్రైనింగ్‌ని ఇక్కడ ఐవోఎల్ఎస్ అంటారు, ఒక వారాంతం పడుతుంది. ముడులు, మ్యాపు, దిక్సూచి, గొడ్డలి, స్టవ్ అన్నీ చేయించి చూస్తారు. మీకు సగం వచ్చినవే. క్లోవ్ హిచ్, బోలైన్ ముడులు మీ చేతులింకా మర్చిపోయి ఉండవు. మనం రీఫ్ నాట్ అనేదాన్ని వీళ్ళు స్క్వేర్ నాట్ అంటారు. మూడు వేళ్ళ సెల్యూట్, ఎడమచేత్తో షేక్‌హ్యాండ్ మామూలే. మీ స్కూల్లో స్కౌట్ మాస్టారు హిమాలయ వుడ్ బ్యాడ్జ్ అనే లీడర్ల శిక్షణ చేసి ఉంటే ఆయన మెడలో తోలు తాడుకి రెండు చెక్కపూసలు వేలాడటం చూసే ఉంటారు. ఇక్కడ కూడా అవే పూసలు. 1919లో ఇంగ్లండులో గిల్వెల్ పార్కులో మొదలైన కోర్సు అది, దేశదేశాల శాఖలున్నాయి. మీ పాత సర్టిఫికెట్టు మాత్రం ఇక్కడ లెక్కలోకి రాదు. గవర్నరు సంతకం ఉన్నా సరే.

మనవాళ్ళు ఉలిక్కిపడే నియమాలు రెండున్నాయి, ముందే చెప్పేస్తాను. మీవాడి టెంటులో మీరు పడుకోకూడదు. ట్రూప్‌లో పిల్లల టెంట్లు వేరు, పెద్దల టెంట్లు వేరు. తండ్రీకొడుకులైనా అంతే. పిల్లల్లో పిల్లలు కూడా వయసులో రెండేళ్ళకు మించి తేడా ఉంటే ఒకే టెంటులో ఉండకూడదు. రెండోది, ఇంకొకరి పిల్లవాడితో మీరొక్కరే ఏకాంతంగా ఉండకూడదు. ఏ కార్యక్రమంలోనైనా ఇరవై ఒకటి నిండిన రిజిస్టర్డ్ పెద్దలు ఇద్దరుండాలి. ఫోన్ మెసేజీలకూ ఇదే వర్తిస్తుంది. ఏ కుర్రాడికైనా మెసేజీ పెడితే అందులో ఇంకో పెద్దమనిషిని కలపాలి. మొదట్లో ఇదేదో అనుమానంలా అనిపిస్తుంది. ఈ సంస్థ గతంలో పిల్లల మీద జరిగిన లైంగిక వేధింపుల కేసులతో 2020లో దివాలా పిటిషన్ దాకా వెళ్ళింది. ఆ చరిత్ర తెలిస్తే ఈ నియమాల్లో ఒక్కటి కూడా ఎక్కువనిపించదు.

ఇప్పుడు అసలు విషయం. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో మనం చూసింది స్కూలు స్కౌటింగ్. మాస్టారు ఈల వేస్తే వరసలో నిలబడటం, హిందీలో కమాండ్లు, మార్చ్, జెండా వందనం, ర్యాలీలో గేటు కట్టడం. ఇక్కడ ట్రూప్‌ని ఒక చర్చో లయన్స్ క్లబ్బో పోషిస్తుంది, తల్లిదండ్రులు వాలంటీర్లుగా ఉంటారు, నడిపేది మాత్రం పిల్లలు. పదిహేనేళ్ళ సీనియర్ ప్యాట్రోల్ లీడర్ ముందు నిలబడి మీటింగ్ జరుపుతుంటే అసిస్టెంట్ స్కౌట్‌మాస్టర్లు వెనక గోడకానుకుని కాఫీ తాగుతుంటారు. చూసేవాళ్ళకి వీళ్ళు బాధ్యత లేని మనుషులనిపిస్తుంది. మెనూ పిల్లలే రాస్తారు, కొనుక్కునేదీ వాళ్ళే, వండుకునేదీ వాళ్ళే. పెద్దవాళ్ళు విడిగా, కాస్త దూరంగా తమ వంట తాము చేసుకుంటారు.

ఈ దూరం దగ్గరే మన తండ్రులకి ఊపిరాడదు. ఒకాయన ఉండేవారు, మంచి మనిషి, చురుకైనవాడు. క్యాంపుకొచ్చిన ప్రతిసారీ కొడుకు జాకెట్ జిప్ ఎక్కించడం, ప్లేటు కడగడం, వాడి టెంట్ మేకు కొట్టడం. ఆ పిల్లాడికి ఆకలేస్తే ప్యాట్రోల్ వైపు చూసేవాడు కాదు, నాన్న వైపు చూసేవాడు. పాపం, వాడి ప్యాట్రోల్ కూడా వాడికి పని చెప్పడం మానేసింది. ఏడాది తిరక్కుండానే వాడు స్కౌటింగ్ వదిలేశాడు. అదే ప్యాట్రోల్‌లో ఇంకో కుర్రాడు అన్నం మాడగొట్టి తిట్లు తిని, మళ్ళీ నెల సరిగ్గా వండి, ఆ తర్వాత ప్యాట్రోల్ లీడరయ్యాడు.

అలాగని అన్నీ వదిలెయ్యకూడదు, ముఖ్యంగా శీతాకాలంలో. నేను పెట్టుకున్న గీత ఇది: ఆకలి, బద్ధకం, మాడిన అన్నం పిల్లల సమస్య. తడి, గాలి, నిప్పు మన సమస్య. చలి క్యాంపులో పెద్దవాళ్ళ పని ఎక్కువ భాగం చూస్తూ ఉండటమే. వంట చెయ్యరు, టెంట్ వెయ్యరు, కానీ ప్రతి గంటకీ ప్రతి పిల్లాడి మొహం, చేతులు, కాళ్ళు ఒకసారి చూస్తారు. సరిగ్గా చేస్తే ఇదే అలసటొచ్చే పని.

దేన్ని చూడాలంటే, ఒక సంగతి చెప్తాను. శనివారం మధ్యాహ్నం, పిల్లలు స్లెడ్డింగ్ చేస్తున్నారు. పొద్దుటి నుంచి వాగుతున్న పన్నెండేళ్ళవాడొకడు ఉన్నట్టుండి మాట్లాడటం మానేశాడు. ఒక పక్కకి పోయి నిలబడ్డాడు. "బాగున్నావా?" అంటే "బాగున్నా" అన్నాడు. ఎవడూ బాగాలేనని చెప్పడు, ఆ వయసులో అసలు చెప్పడు. నేనింకో ప్రశ్న అడగలేదు. "నీ జాకెట్ జిప్ ఒకసారి కిందకి దించి మళ్ళీ పైకెక్కించు" అన్నాను. వేళ్ళతో జిప్ పట్టుకోలేకపోయాడు. గ్లవ్స్ లోపలి పొర తడిసి ముద్దయి ఉంది. ఇంకో లీడర్నీ వాడి ప్యాట్రోల్ లీడర్నీ పిలిచి, షెల్టర్‌లోకి తీసుకెళ్ళి, తడిబట్టలు మార్పించి, స్లీపింగ్ బ్యాగ్‌లో కూర్చోబెట్టి, చేతికి తియ్యటి వేడి కోకో ఇచ్చాం. అరగంటలో మళ్ళీ వాగుడు మొదలెట్టాడు.

ఒళ్ళు చల్లబడిపోవడం అలా మొదలవుతుంది. చిరాకు, మౌనం, తడబాటు, మాట ముద్దగా రావడం, నడకలో తూలడం. వణుకుతున్నాడంటే ఒంట్లో ఇంకా శక్తి ఉందని అర్థం. చలిలోనే ఉండి, మొహం వాడిపోయి, వణుకు ఆగిపోయిందంటే అది తగ్గడం కాదు, ముదిరిందని. అప్పుడు 911కి ఫోన్ చెయ్యాలి, మనిషిని కదపకుండా పడుకోబెట్టి కప్పాలి. చెవులు, ముక్కు, వేళ్ళు తెల్లగా మైనంలా అయితే అది ఫ్రాస్ట్‌బైట్. మన ఊళ్ళో అరిచేతులు రుద్దినట్టు రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు. ఒంటి వేడికి తగిలించి ఉంచాలి. చెంపకి అరచెయ్యి, వేళ్ళకి చంక. రంగు, స్పర్శ తిరిగి రాకపోతే ఆసుపత్రికే. కరిగాక మళ్ళీ గడ్డకట్టే అవకాశం ఉంటే అక్కడ కరిగించకుండా తీసుకెళ్ళడమే మంచిది.

ఒక ముక్క చెప్తే మీ ఇంట్లోవాళ్ళకి కాస్త ధైర్యం రావచ్చు. నన్ను భయపెట్టే క్యాంపు జనవరిది కాదు, నవంబరుది. మైనస్ పదిహేను సెల్సియస్‌లో మంచు పొడిగా ఉంటుంది, దులుపుకుంటే రాలిపోతుంది. రెండు మూడు డిగ్రీల్లో పడే వాన, సగం కరిగిన మంచు, బురద అలా కాదు. బట్టలన్నీ తడిసిపోతాయి, తడి బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. పైగా నవంబర్లో ఎవరూ జనవరి జాగ్రత్తలు తీసుకోరు, హుడీ వేసుకుని వచ్చేస్తారు. మనం లంబసింగి చలి గురించి గొప్పగా చెప్పుకుంటాం కదా, ఆ సున్నా దగ్గరి చలికి వాన తోడైతే ఏమవుతుందో ఊహించుకోండి, అదీ నవంబరు.

జనవరిలో లెక్క చూసుకోవాల్సింది గాలి. అమెరికా వాతావరణ శాఖ పట్టిక ప్రకారం సున్నా ఫారన్‌హీట్, అంటే మైనస్ 18 సెల్సియస్‌లో గంటకి 15 మైళ్ళ గాలి ఉంటే ఒంటికి తగిలే చలి మైనస్ 19 ఫారన్‌హీట్. తెరిచి ఉన్న చర్మం అరగంటలో ఫ్రాస్ట్‌బైట్ అవుతుంది. మీ ట్రూప్ ఏ అంకె దగ్గర క్యాంపు రద్దు చేస్తుందో ముందే అడగండి. "అప్పుడు చూద్దాం" అన్నారంటే నాకు నచ్చదు. అంకె ముందే రాసిపెట్టుకోకపోతే, సామాను ఎక్కించాక "ఇంత దూరం వచ్చాం కదా" అనే మాటే గెలుస్తుంది.

బట్టల దగ్గరికొద్దాం. తెలుగు తండ్రులకి ప్రత్యేకంగా ఒక మాట: బనియన్ విప్పెయ్యండి. వెయ్యి డాలర్ల జాకెట్ వేసుకున్నా దాని కింద చొక్కా, చొక్కా కింద నూలు బనియన్ ఉంటుంది మనకి. పుట్టినప్పటి నుంచి అలవాటు. నూలు చెమట పీల్చి అలాగే పట్టుకుంటుంది, మీరు నడక ఆపిన పది నిమిషాలకి వీపు మీద చల్లగా అతుక్కుంటుంది. జీన్స్ కూడా అంతే. ఒంటికి ఆనేది పాలిస్టర్‌దో మెరినో ఉన్నిదో అయి ఉండాలి, దాని మీద ఫ్లీస్, దాని మీద దూది లాంటి ఇన్సులేషన్ ఉన్న జాకెట్, అన్నిటి పైన గాలి దూరని పొర. పని మొదలుపెట్టేముందు ఒక పొర తీసెయ్యాలి. బయల్దేరేటప్పుడు కాస్త చలిగా ఉందనిపిస్తే సరిగ్గా వేసుకున్నట్టు. చెమట పట్టిందంటే రాత్రికి దాని బాకీ తీర్చుకోవాలి.

ఇంకో సంగతి మాత్రం మనవాళ్ళకి కలిసొచ్చేది. మంకీ క్యాప్. ఇండియా నుంచి అమ్మ పెట్టి పంపితే అటక మీద పడేసి ఉంటారు కదా, దాన్ని దించండి. ఉన్నిదైతే రాత్రి నిద్రకి దాన్ని మించింది లేదు. చలేస్తే జనం తల కూడా స్లీపింగ్ బ్యాగ్ లోపలికి లాక్కుంటారు. ఊపిరిలో తేమంతా బ్యాగ్‌లోకి పోయి తెల్లారేసరికి లోపల తడి. ముక్కూ నోరూ బయటే ఉండాలి, మిగతా తలంతా మంకీ క్యాప్‌లో ఉండాలి.

బూట్లు లోపలి ఫెల్ట్ లైనర్ బయటకొచ్చే రకం కావాలి. రాత్రి ఆ లైనర్లు తీసి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోండి, లేదంటే పొద్దున చెక్కలా గట్టిపడిన బూటులో కాలు దూర్చాల్సి ఉంటుంది. సాక్సులు మూడు జతలు తొడిగేవాళ్ళుంటారు. బూటు బిగుసుకుని రక్తం ఆడక కాళ్ళు ఇంకా చల్లబడతాయి. ఒక పలచటిది, ఒక మందపాటి ఉన్నిది చాలు, వేళ్ళు లోపల ఆడాలి.

నిద్ర సంగతి. కొత్తవాళ్ళు డబ్బంతా స్లీపింగ్ బ్యాగ్ మీద పెట్టి కింద పరిచేది మర్చిపోతారు. మన బరువుకి బ్యాగ్‌లోని ఇన్సులేషన్ కింద అణిగిపోతుంది, ఇక నేల చలికీ మనకీ మధ్య మిగిలేది ప్యాడే. ప్యాడ్‌ల మీద ఆర్-వాల్యూ అని అంకె ఉంటుంది. ఎంత ఎక్కువైతే అంత మంచిది, మంచు మీద కనీసం 5 ఉండాలి. ఒకదాని మీద ఒకటి వేస్తే అంకెలు కలుస్తాయి. కాబట్టి కింద మామూలు ఫోమ్ ప్యాడ్, దాని మీద గాలి ఊదే ప్యాడ్ పరిస్తే చవకలో పనయిపోతుంది. పైది పంక్చరైనా కింద ఒకటి మిగులుతుంది. బ్యాగ్ మీద రాసున్న డిగ్రీని నమ్మకండి. కంఫర్ట్ అనే అంకె, లిమిట్ అనే అంకె వేరువేరు, పెద్దక్షరాల్లో వేసేది చాలాసార్లు లిమిట్. మీరు చూడాల్సింది కంఫర్ట్.

పడుకునేముందు ఒంటి మీది బట్టలన్నీ మార్చాలి, సాక్సులు సహా. పొడిగా అనిపించినా సరే. నిద్రకని ఒక జత విడిగా సంచిలో కట్టిపెట్టి, ఆ రాత్రి దాకా దాన్ని తెరవకూడదు. గట్టి ప్లాస్టిక్ బాటిల్‌లో వేడినీళ్ళు పోసి, మూత బిగించి, తలకిందులుగా పట్టుకుని కారడంలేదని చూసుకుని, సాక్సులో దూర్చి కాళ్ళ దగ్గర పెట్టుకోండి. ఇంకోటి, సిగ్గుపడే విషయం కాదు: రాత్రి రెండింటికి మూత్రం వస్తే బయటికి బద్ధకించి బిగబట్టుకుంటారు, ఇక తెల్లారేదాకా నిద్రుండదు. లేచి వెళ్ళొచ్చేయండి. పిల్లలకి పడుకునే ముందు ఈ మాట గట్టిగా చెప్పాలి, ఇద్దరిద్దరుగా వెళ్ళమనాలి. టెంట్ కిటికీలు పూర్తిగా మూసేస్తే వెచ్చగా ఉంటుందనుకుంటారు. నిజానికి ఊపిరి తేమ పైన మంచుగా పేరుకుని పొద్దున మొహం మీద రాలుతుంది. కొంచెం తెరిచే ఉంచాలి.

టెంటులో స్టవ్, కొవ్వొత్తి, హీటర్, ఏ నిప్పూ ఉండకూడదు. ఇందులో చర్చ లేదు. టెంట్ గుడ్డ అంటుకుందంటే క్షణాల పని. అంటుకోకపోయినా, నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకి వాసన ఉండదు, తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

స్టవ్‌ల దగ్గర కొంచెం రసాయనశాస్త్రం పనికొస్తుంది. క్యాన్లలో వచ్చే గ్యాస్‌లో బ్యూటేన్ దాదాపు సున్నా సెల్సియస్ దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా లాగుతుంది. మీ వేసవి స్టవ్ జనవరి పొద్దున్న ముసలి ఎద్దులా మొరాయించేది అందుకే. మేం పంపు కొట్టే వైట్ గ్యాస్ స్టవ్‌లు వాడతాం. పేరు గ్యాసే కానీ అది పెట్రోలు లాంటి ద్రవ ఇంధనం. ఇంధనం పోసేది మాత్రం శిక్షణ ఉన్న పెద్దవాళ్ళే. ఆ ద్రవం మైనస్ ఇరవైలో కూడా గడ్డకట్టదు, అంతే చల్లగా ఉంటుంది, చేతి మీద ఒలికితే అక్కడికక్కడే చర్మం గడ్డకడుతుంది. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

మంచు కరిగించి నీళ్ళు చేసుకోవాలంటే గిన్నెలో ముందు ఒక గ్లాసుడు నీళ్ళు పోసి అప్పుడు మంచు వెయ్యాలి. ఒట్టి మంచు వేస్తే అడుగు మాడుతుంది. నమ్మరు, కానీ ఆ నీళ్ళలో పొగ వాసన కూడా వస్తుంది. తాగే నీళ్ళ బాటిల్‌ని సంచిలో తలకిందులుగా పెట్టుకోండి. గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది కదా, ఆ గడ్డ అడుగు వైపు పోతుంది, మూత తెరుచుకుంటుంది.

తిండిలో మనదే పైచేయి. చలిలో ఒంటికి నూనె, నెయ్యి కావాలి, మామూలు కంటే బాగా ఎక్కువ తినాలి. సంక్రాంతికి నువ్వులు, బెల్లం తినమన్నది ఊరికే కాదు. పల్లీ చిక్కీ, నువ్వుండలు, ఖర్జూరాలు జేబులో ఉంటే చాలు. చిక్కీని ఇంట్లోనే చిన్న ముక్కలు చేసి తెచ్చుకోండి, చలికి రాయైపోతుంది. ఇంట్లోనే రవ్వ, జీడిపప్పు, పోపు నెయ్యిలో వేయించి సంచుల్లో కట్టుకుని వస్తే వేడినీళ్ళు పోసిన పది నిమిషాలకి ఉప్మా. మా పెద్దల ప్యాట్రోల్‌లో అమెరికన్లు కూడా ఇప్పుడు ఉప్మానే అడుగుతారు. పడుకునే ముందు ఒక నువ్వుండ తింటే రాత్రంతా ఒళ్ళు వేడి పుట్టిస్తుంది. మీవాడు శాకాహారి అయితే మెనూ రాసే రోజునే వాడి చేత ప్యాట్రోల్‌కి చెప్పించండి, మీరు చెప్పకండి. వాళ్ళు సర్దుకుంటారు. మా పిల్లలకి ఒక గిన్నె విడిగా ఉంచేవాళ్ళు.

రెండో రోజు పిల్లలు క్వింజీ కట్టుకుంటామంటారు. క్వింజీ అంటే మంచు కుప్ప పోసి, లోపల తొలిచి చేసే గుడిసె. బయట మైనస్ ఇరవై ఐదున్నా లోపల గడ్డకట్టే డిగ్రీకి కొద్దిగా కిందే ఉంటుంది. కుప్ప పోశాక కనీసం గంటన్నర, రెండు గంటలు ముట్టుకోకుండా వదలాలి. తిరగేసిన మంచు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడటానికి ఆ సమయం కావాలి. ఈలోగా అడుగు పొడవున్న పుల్లలు విరిచి కుప్ప చుట్టూ గుచ్చాలి. లోపలి నుంచి తవ్వుతుంటే పుల్ల కొస కనపడిన చోట ఆపాలి, అప్పుడు గోడ అంతటా ఒకే మందం వస్తుంది. తవ్వేవాడు ఒక్కడే ఉండకూడదు, బయట ఒకడు పారతో ఎప్పుడూ నిలబడి ఉండాలి, కూలితే లాగడానికి. పైన గాలికి కన్నం తప్పదు. తవ్వేవాడు మంచులో దొర్లి నిలువెల్లా తడుస్తాడు కాబట్టి వాన జాకెట్, వాన ప్యాంటు వేసుకునే దూరాలి. మొదటి క్యాంపులో మీరు దాంట్లో పడుకోకండి, పిల్లలు కడుతుంటే చూడండి చాలు.

చెరువు మీద నడిచే కార్యక్రమం ఉంటే మంచు మందం ఎవరు కొలిచారో అడగండి. మినసోటా ప్రకృతి వనరుల శాఖ లెక్క ప్రకారం కాలినడకకి గట్టి కొత్త మంచు 4 అంగుళాలుండాలి. "నిన్న ఎవరో నడిచారు" అనేది కొలత కాదు.

మందులు వాడే పిల్లలుంటే ఆస్తమా ఇన్‌హేలర్, ఎపిపెన్ (అలెర్జీకిచ్చే అత్యవసర ఇంజెక్షన్), ఇన్సులిన్ లాంటివి ఒంటికి ఆనే లోపలి జేబులో ఉండాలి, బ్యాగులో గడ్డకడతాయి. ఫోనూ అంతే. టార్చికి లిథియం బ్యాటరీలు వెయ్యండి, మామూలువి చలికి చేతులెత్తేస్తాయి.

సామాను కొనకండి అన్నాను కదా. స్లీపింగ్ బ్యాగ్, ప్యాడ్, బూట్లు ట్రూప్ స్టోర్‌లోనో పాత లీడర్ల గరాజుల్లోనో ఉంటాయి, అడిగితే సంతోషంగా ఇస్తారు. ఒక శీతాకాలం గడిచాక మీకేం కావాలో మీకే తెలుస్తుంది, అప్పుడు కొనుక్కోండి. మీవాడికైతే అసలే కొనకండి, వచ్చే ఏడాదికి ఆ బూట్లు పట్టవు. ఇదంతా నచ్చి ఇంకా లోతుగా నేర్చుకోవాలనిపిస్తే ఈలీ ఊరి దగ్గర నార్తర్న్ టియర్ అనే స్కౌటింగ్ క్యాంపు వాళ్ళ ఓక్‌పిక్ అనే శీతాకాల కార్యక్రమం ఉంది, మీ ఇంటి నుంచి కారులో వెళ్ళొచ్చు. దేశం నలుమూలల నుంచీ ట్రూపులు దానికి మన మినసోటా వస్తాయి.

పెరటి రాత్రికి మాత్రం మీవాణ్ణి కూడా పిలవండి. ఇంటి పెరట్లో ట్రూప్ నియమాలు వర్తించవు, ఒకే టెంటులో పడుకోవచ్చు. వాడి బ్యాగ్ వాణ్ణే సర్దుకోమనండి, మీరు ముట్టుకోకండి. ఏం మర్చిపోయాడో రాత్రి పదకొండుకి వాడికే తెలుస్తుంది, ఇరవై అడుగుల్లో ఇల్లుంది, వెళ్ళి తెచ్చుకుంటాడు. ఇంట్లోవాళ్ళకి కిటికీలోంచి టెంట్ కనపడుతుంటుంది కాబట్టి వాళ్ళకీ నిద్రపడుతుంది. కనీసం పది ఫారన్‌హీట్‌కి (మైనస్ 12 సెల్సియస్) తగ్గిన రాత్రి ఎంచుకోండి, డిసెంబర్లో అలాంటివి బోలెడు దొరుకుతాయి.

మీ బూటు సైజు, ట్రూప్ దగ్గర ఏ ప్యాడ్‌లు, బ్యాగ్‌లు ఉన్నాయో కింద రాయండి. ఏది సరిపోతుందో, ఏది ఇంకెక్కడైనా అడగాలో చెప్తాను.